“చివరి బ్యాచ్ బండి” అంటే బయానా ఇచ్చేయకండి

రావులపాలెం, అమలాపురం వైపు సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కార్లు చూస్తున్నవాళ్ళు జాగ్రత్త. “చాసిస్ నంబరు చూడండి, చివరి బ్యాచ్ బండండి, గేర్‌బాక్స్‌కి ఢోకా లేదు” అంటూ బ్రోకర్లు ధర పెంచేస్తున్నారు. ఆ మోడల్లో ఆఖరున తయారైంది కాబట్టి లోపాలన్నీ సరిచేసి ఉంటారని వాళ్ళ వాదన. ఆ మాట నమ్మి కొన్నవాళ్ళు నెల తిరక్కుండానే గేర్‌బాక్స్ దింపించుకుంటున్నారు.

17 అక్షరాల చాసిస్ నంబరులో చివర ఉండే వరస నంబరు బండిది, గేర్‌బాక్స్‌ది కాదు. గేర్‌బాక్స్ చాలాసార్లు వేరే ప్లాంటు నుంచి వస్తుంది, దాని కేసింగ్ మీద దాని నంబరు దానికుంటుంది. పక్కపక్క నంబర్ల కార్లలో వేర్వేరు లాట్ల గేర్‌బాక్సులు ఉండొచ్చు. వరస నంబరు నిజంగా అక్కరకొచ్చేది రీకాల్, అంటే లోపమున్న బళ్ళను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసే పని, చూసుకోవడానికి. 2013లో ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కార్లను వెనక్కి పిలిచింది. సింథటిక్ ఆయిల్ వల్ల లోపల షార్ట్ సర్క్యూట్ అవుతోందని మినరల్ ఆయిల్ పోసింది. అలాంటి బండికి ఆ పని జరిగిందా లేదా అన్నదే లెక్క. చాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి, బిల్లు చూడండి.

మన డెల్టాలో అంతకన్నా పెద్ద భయం వరద నీళ్ళు. 2022 జూలైలో లంక ఊళ్ళు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ నీళ్ళలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, గాలి ఆడే సన్న గొట్టం, అంటే బ్రీదర్ గుండా నీళ్ళు లాగేస్తుంది. బేరింగులు తుప్పు పడతాయి, క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొర ఊడుతుంది. కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది, అందుకే మోసపోతాం.

ఆయిల్ చూడకుండా కొనకండి. ఆయిల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్) లేకపోతే మెకానిక్‌తో ముందు ఆయిల్ పోసే రంధ్రానికుండే ఫిల్లర్ ప్లగ్ విప్పించండి. అది రాకపోతే కింద ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు ముట్టుకోనివ్వకండి, కారిపోయిన ఆయిల్ మళ్ళీ పోసే దారి ఉండదు. సిరంజికి సన్న పైపు తగిలించి కొంచెం లాగితే చాలు. తీసినంతా అదే గ్రేడుది మళ్ళీ పోయాలి. పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. బిల్లు లేకుండా కొత్త ఆయిల్ నిగనిగలాడుతున్నా అనుమానించండి.

సీటు బెల్టు చివరిదాకా లాగండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద ఒండ్రు చార కనిపిస్తే బండి మునిగిందే. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఏటిగట్టు ర్యాంపు సగంలో ఆపి, డీలో (ముందుకెళ్ళే గేరు) పెట్టి మెల్లగా కదిలించండి. వణికినా, డీకీ ఆర్‌కీ (రివర్స్) మారడానికి రెండు సెకన్లు దాటినా ఆ బండి వదిలేయండి. ప్లగ్ విప్పనివ్వననే వాళ్ళ దగ్గర రూపాయి కూడా బయానా పెట్టకండి.