4 ఏళ్లు వాడిన మల్టీమీటర్: ఆరుతూ వెలుగుతూ ఉన్న హెడ్‌లైట్ దగ్గర అది ఎలా పనికొచ్చింది

ఈ మీటరు కొని 4 ఏళ్లు దాటింది. వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు కొలవడానికి చేత్తో రేంజి తిప్పుకునే మామూలు డిజిటల్ మల్టీమీటర్, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, కొలిచే చోట తాకించడానికి ఎర్ర ప్రోబ్ ఒకటి, నల్ల ప్రోబ్ ఒకటి, అంతే. ఇంట్లో చిన్నాచితకా పనులకి చాలాసార్లు తీశాను గానీ, దాని బలం ఏంటో, అది ఎక్కడ మోసం చేస్తుందో నాకు తెలిసొచ్చింది మా కారు ఎడమ హెడ్‌లైట్ దగ్గరే. అందుకే ఆ పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఆ లైటు ఉన్నట్టుండి ఆరిపోయేది. స్పీడ్ బ్రేకర్ దిగగానే ఆరేది, ఇంకో గుంతలో పడితే వెలిగేది. ఒక్కోసారి బయల్దేరిన పావుగంట వరకూ బాగానే ఉండి తర్వాత మసకబారేది. ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే నిక్షేపంలా వెలుగుతూ ఉండేది. షాపులో రెండుసార్లు బల్బు మార్చారు. మార్చినప్పుడల్లా రెండు మూడు రోజులు బాగుండేది, బల్బు తీసి పెట్టేటప్పుడు వైర్లు కదిలి తాత్కాలికంగా అతుక్కునేవని ఇప్పుడు అర్థమవుతోంది. రాత్రిపూట ఒక్క లైటుతో వస్తే ఎదుటివాళ్లకి మన కారు మోటార్ సైకిల్‌లా కనిపిస్తుంది, పక్కన ఇంకో నాలుగడుగుల బండి ఉందని వాళ్లకి తెలీదు. ఆ టెన్షన్ భరించలేక మీటరు పట్టుకుని నేనే దిగాను.

మొదట అందరూ చేసే తప్పే చేశాను. బల్బు నుంచి హోల్డర్ పీకి, లైట్ల స్విచ్ వేసి, హోల్డర్‌లో ప్రోబ్‌లు పెట్టి చూశాను. 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది, వైరింగ్ బాగుంది, బల్బే పాడు అనుకున్నాను. ఇక్కడే మీటరు మనల్ని దారి తప్పిస్తుంది. అది లాగే కరెంటు దాదాపు సున్నా, వైరులో పోగులన్నీ తెగిపోయి ఒక్క పోగు మిగిలినా దానికి 12.4 కనిపిస్తుంది. బల్బుకి అలా కుదరదు, 55 వాట్ల డిమ్ ఫిలమెంట్ వెలగాలంటే 4 ఆంపియర్ల పైన పారాలి, ఆ ఒక్క పోగు గుండా అంత కరెంటు సాఫీగా పారదు. వైరు తెగిందా లేదా అని బీప్ సౌండుతో చూసే కంటిన్యుటీ కూడా అంతే, ఒక్క పోగు చాలు, బీప్ అంటుంది. కరెంటుకి వైరులో ఎంత అడ్డు ఉందో కొలిచే ఓమ్‌ల రేంజిలో చూద్దామా అంటే నా ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.4 ఓమ్‌లు చూపిస్తుంది, నేను వెతుకుతున్న లోపం కూడా దాదాపు అంతే ఉందని తర్వాత తేలింది. కాబట్టి హెడ్‌లైట్ లాంటి ఎక్కువ కరెంటు తీసుకునే వాటికి ఓమ్‌ల రేంజిని నమ్మకండి, ఇది చాలా గట్టిగా చెబుతున్నాను.

అసలు పద్ధతి వేరే. బల్బు బిగించే ఉండాలి, లైటు వెలుగుతూనే ఉండాలి, అప్పుడు వోల్టులు ఎక్కడ పోతున్నాయో చూడాలి. హోల్డర్ వెనక వైపు వైరు పక్క సందులోంచి సన్నని గుండుసూది దూర్చి, లోపలి టెర్మినల్‌కి తాకించి, దాని మీద ప్రోబ్ పెట్టాను. సూదులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. మాది హెచ్4 బల్బు, మూడు కాళ్లు: డిమ్, హై, రెండింటికీ ఉమ్మడిగా ఎర్త్ (కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి). ముందు ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది డిమ్ కాలు మీద పెట్టాను, 0.3 వోల్టులు వచ్చింది, అంటే దారిలో అంత పోతోందన్నమాట. ఫ్యూజు, రిలే, స్విచ్ అన్నీ దాటి వచ్చేదానికి అది పర్లేదు. తర్వాత ఎర్త్ కాలికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూస్తే 0.5. కుడి లైటుకి అదే చోట 0.1 మాత్రమే. ఎర్త్ వైపు 0.2 దాటితే అనుమానించాల్సిందే. నిజానికి ముందే ఒక సూచన ఉంది, నేను పట్టించుకోలేదు: డిమ్, హై రెండూ ఒకేసారి పోయేవి, పైగా ఆ సమయంలో అదే వైపు ఇండికేటర్ సన్నగా వెలిగేది. ఎర్త్ దొరకని కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది మరి. (కొన్ని కార్లలో ఉమ్మడి కాలికి ప్లస్ ఇచ్చి, స్విచింగ్ మైనస్ వైపు పెడతారు, మీ కారు వైరింగ్ ఎలా ఉందో ముందు చూసుకోండి.)

బాడీకి ఎర్త్ బిగించిన బోల్టు ఊడదీసి, సాండ్ పేపర్‌తో రుద్ది బిగించాను. ఆ రాత్రి మళ్లీ ఆరింది. బండి నడుస్తుంటే వచ్చే లోపాన్ని నిలబెట్టి వెతకడం దండగ అనిపించి, పొడవాటి వైర్లు రెండు తీసుకున్నాను. ఒకటి హోల్డర్ ఎర్త్ సూదికి, ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి తగిలించి, మొదటి దానికి హోల్డర్ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి, బానెట్ సందులోంచి, కిటికీలోంచి లోపలికి తెచ్చి మీటరు మా ఆవిడ చేతికిచ్చాను. ఫ్యూజు మాత్రం మర్చిపోవద్దు, ఎర్త్ తెగిన క్షణంలో ఆ వైరులోకి ఫిలమెంట్ గుండా నిండు వోల్టేజీ వస్తుంది, ఎక్కడైనా ఒరుసుకుంటే ప్రమాదం. మొదట 0.5 దగ్గరే ఉంది. పది నిమిషాలకి మెల్లగా 1.6 కి ఎక్కింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర "ఏవండీ, పదమూడు దాటింది!" అంది, అదే క్షణంలో ముందు ఎడమ వైపు చీకటి. అన్ని నెలల తర్వాత లోపం అంకెల్లో కనిపించిన ఆ క్షణం నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

ఇంటికొచ్చి వేడి చల్లారకముందే ఆ 1.6 ని ముక్కలు చేశాను. బోల్టు తలకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దాదాపు ఏమీ లేదు. బోల్టుకీ రింగు లగ్గుకీ (వైరు చివర ఉండి బోల్టు కింద బిగించే లోహపు రింగు) మధ్య కూడా లేదు. లగ్గుకీ, దాంట్లోకి దూరే వైరుకీ మధ్యే మొత్తం ఉంది. బోల్టు తప్పు కానే కాదు, లగ్గులో వైరుని నొక్కి పట్టించిన క్రింపింగ్ లోపల ఉంది రోగం. వైరుని లగ్గు దగ్గర వేలితో కొద్దిగా వంచితే చాలు, అంకెలు ఎగిరి పడేవి. చేత్తో ముట్టుకుంటే ఆ చోటు వేడిగా ఉంది. 1.6 వోల్టులు, 4 ఆంపియర్లు అంటే 6 వాట్ల పైచిలుకు వేడి ఆ చిన్న నలుసులో పుడుతోందన్నమాట. వెలుగు సంగతి ఇంకా అన్యాయం, హాలోజన్ బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది.

బ్యాటరీ మైనస్ తీసేసి లగ్గు కత్తిరించాను. పైన ఇన్సులేషన్ కొత్తదానిలా ఉంది. కోసి చూస్తే లోపల రాగి మీద పచ్చటి చిలుం, పోగుల మధ్య పిండిలా రాలుతోంది, సగం పోగులు గిల్లితే విరిగిపోయాయి. ఎర్రగా మెరిసే రాగి తగిలేదాకా కోస్తూ పోతే రెండు అంగుళాల పైనే పోయింది. అదే మందం వైరు అతికించి, కొత్త లగ్గు గట్టిగా క్రింప్ చేసి, వేడికి ముడుచుకుని పట్టేసే, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, బోల్టు కింద పెయింట్ గీకి, బిగించాక పైన వాజలైన్ పూశాను. లైటు వేసి చూస్తే 0.08.

ఇక మీటరు గురించి. డీసీ వోల్టులు 4 ఏళ్ల తర్వాత కూడా నమ్మకంగానే చూపిస్తోంది. కానీ దాని అంకెలు సెకనుకి రెండు మూడుసార్లే మారతాయి, కన్నుమూసి తెరిచేలోపు వచ్చిపోయే లోపాన్ని అది మింగేస్తుంది. వైరింగ్ కదిపి చూసేటప్పుడు పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ ల్యాంపే మేలు, వెలుగు మినుకుమంటే వెంటనే కంటికి తెలుస్తుంది, పైగా అది నిజంగా కరెంటు లాగుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద, కంప్యూటర్‌కి వెళ్లే వైర్ల మీద మాత్రం దాన్ని పెట్టకండి. ప్రోబ్ వైర్లు రెండో ఏడాదిలోనే పిన్ను దగ్గర లోపల తెగాయి, అప్పుడు కారులో లేని లోపాన్ని ఒక సాయంత్రమంతా వెతికాను. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందు ప్రోబ్‌లు తాకించి వైరు కదిపి చూడటం అలవాటైంది. దానంతట అది ఆఫ్ అవ్వదు, బ్యాటరీ దిగిపోయినప్పుడు అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, తెర మీద బ్యాటరీ గుర్తు వస్తే కొలవడం ఆపేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఎర్ర ప్రోబ్ 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీ మీద పెట్టారంటే నేరుగా షార్ట్ చేసినట్టే. నా మీటరులో ఆ రంధ్రానికి ఫ్యూజు లేదు. మళ్లీ కొంటే ఫ్యూజు ఉన్నదీ, కనిష్ఠం గరిష్ఠం గుర్తుపెట్టుకునేదీ కొంటాను.

జీనాన్ లైట్లున్న కార్లలో ఇలా సూదులు పెట్టకండి, వెలిగించేటప్పుడు అక్కడ వేల వోల్టులు ఉంటాయి. హాలోజన్ బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి.

ఏడాది తర్వాత కుడి లైటు కాస్త పసుపుగా కనిపించింది. ఈసారి నేరుగా అదే కొలత తీశాను, ఎర్త్ వైపు 0.1, ప్లస్ వైపు 0.9. హోల్డర్ విప్పితే డిమ్ టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడి ఉంది, టెర్మినల్‌లో వైరు పట్టు వదులైపోయింది. పింగాణీ హోల్డర్ వేశాను, పావుగంట పని. ఎడమ వైపు మాత్రం ఆ కొత్త లగ్గు తర్వాత ఒక్కసారి కూడా ఆరలేదు, పోయిన వారం చూసినా 0.08 దగ్గరే ఉంది.