గూగుల్ ఎర్త్ ప్రో: హాలండ్ కోసం తెరిస్తే కోనసీమ దగ్గర ఆపేస్తుంది

కంప్యూటర్‌లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రో 2015 నుంచి ఉచితం. ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ తెరుచుకునే ఎర్త్ వేరు, ఇది వేరు. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. కానీ దూరదేశాన్ని తనివితీరా చూసి, అదే కంటితో సొంత సీమను చూడాలనుకునేవారికి దీన్ని మించింది లేదు.

ముందు కోరిక తీర్చుకోండి. హాలండ్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఉన్న బీమ్‌స్టర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతకండి. అది ఒకప్పుడు సరస్సు. 1612 నాటికి నీళ్లన్నీ తోడేసి పొలాలు చేశారు. 1999లో యునెస్కో జాబితాకెక్కింది. కీబోర్డులో ఆర్ నొక్కితే ఉత్తరం పైకి వచ్చి, చూపు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. తెర కింద కుడి మూలన ‘ఐ ఆల్ట్’ అని కనిపించేది మీ కంటి ఎత్తు. దాన్ని 4 కిలోమీటర్లకు తెచ్చుకోండి. గళ్ల నోటుపుస్తకంలా పొలాలు పరుచుకుంటాయి. రూలర్ తీసి కొలవండి: ఒక్కో కమతం సుమారు 900 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు. మొత్తం బీమ్‌స్టర్ చుట్టూ గట్టు, దాన్ని ఆనుకుని పొలాలకంటే ఎత్తులో కాలువ. పొలంలో పడ్డ వాన నీటిని పైకి తోడి ఆ కాలువలో పోయాలి, లేదంటే ఊరు మళ్లీ సరస్సే. పూర్వం ఆ పని గాలిమరలు చేసేవి, ఇప్పుడు పంపులు చేస్తున్నాయి. అలాంటి పాత మరలు 19, ఆ దేశంలోనే ఉన్న కిండర్‌డైక్‌లో వరసగా కనిపిస్తాయి. అవీ చూసి రండి.

ఇప్పుడు అమలాపురం వెళ్లండి. పేరు వెతికి వెళ్తే కంటి ఎత్తు మారిపోతుంది, కాబట్టి మళ్లీ 4 కిలోమీటర్లకు సరిచేసి ఆర్ నొక్కండి. రెండు చోట్లా ప్లేస్‌మార్క్ (గుర్తు పిన్ను) పెట్టి, దానిమీద రైట్ క్లిక్ చేసి ‘స్నాప్‌షాట్ వ్యూ’ నొక్కితే అప్పటి చూపు అందులో నిలిచిపోతుంది, ఈ తంటా ఉండదు. ఒకే ఎత్తు నుంచి చూస్తేనే పోలిక నిలుస్తుంది.

బీమ్‌స్టర్ చూసిన కంటికి కోనసీమ కొత్తగా తెలుస్తుంది. ఇక్కడ గళ్లు లేవు, గీత గీసినట్టు గట్లూ లేవు. నీరు పల్లమెరుగు అన్న ఒక్క మాట మీద సీమంతా నడుస్తోంది. 1852లో ఆనకట్ట పూర్తయి, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉన్న ధవళేశ్వరం దగ్గర ఎత్తిన నీరు, మెరక మీదుగా తవ్విన కాలువల్లో పారి, తూముల గుండా చేలలోకి దిగి, మిగిలింది పల్లంలోని మురుగు కాలువల్లో పడి సముద్రానికి పోతుంది. పై నుంచి చూసి ఏది పంట కాలువో ఏది డ్రెయినో చెప్పడానికి తేలికైన గుర్తు ఉంది. కిందికి పోయేకొద్దీ చీలి సన్నబడితే అది పంట కాలువ. కిందికి పోయేకొద్దీ పిల్ల కాలువలను కలుపుకుని వెడల్పైతే అది డ్రెయిన్. ఇది పట్టుబడితే, రోజూ దాటే వంతెన కింద పారేది ఏమిటో, ఏ వీధికి ముందు ముంపు వస్తుందో మ్యాప్ మీదే ఊహించవచ్చు. తెర అడుగున చిత్రం తీసిన తేదీ ఉంటుంది, అది చూడకుండా ముందుకు పోకండి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. మే నెల చిత్రంలో ఎండి తెల్లబడిన కాలువను చూసి పాడుపడిందని అనుకునే ప్రమాదం ఉంది. డ్రెయిన్లలో ఆకుపచ్చగా కనిపించేది చాలాచోట్ల పైరు కాదు, గుర్రపుడెక్క.

పైన మెనూలో గడియారం బొమ్మ నొక్కితే పాత చిత్రాలు వస్తాయి. ఈ యాప్ మొత్తంలో అన్నిటికంటే విలువైంది ఇదే. ఏలూరు, ఆకివీడు మధ్య కొల్లేరు మీద నిలబడి స్లైడర్ జరపండి. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తర్వాతి ఏళ్లకు వస్తుంటే కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేస్తాయి. పై నుంచి ఆ చెరువులు బీమ్‌స్టర్ గళ్లలాగే ఉంటాయి, పని మాత్రం తిరగబడింది. అక్కడ నీరు తీసేసి నేల చేశారు, ఇక్కడ సరస్సునే గట్లతో ముక్కలు చేశారు. ఈ తేడా చూస్తే మనసు చివుక్కుమంటుంది.

లోపాలూ తక్కువేం కాదు. కర్సర్ ఉన్న చోటికి చూపించే నేల ఎత్తును డెల్టాలో నమ్మొద్దు. రాడార్ కొలతల్లో చెట్ల తలలు కూడా కలిసిపోతాయి కాబట్టి కొబ్బరి తోట పక్కనున్న వరిచేనుకంటే మెరకలా కనిపిస్తుంది. మీటరు తేడాతో ఇల్లు మునిగే చోట ఆ అంకెతో ఇంటి పునాది నిర్ణయించకూడదు. పక్కపక్క ముక్కలు వేర్వేరు నెలల్లో తీసినవి కావడంతో ఒకే చేను సగం పచ్చగా, సగం ఎండుగా ఉంటుంది. వంతెనలు కొన్ని నదిలోకి వంగిపోయినట్టుంటాయి. తెర మినుకుమంటుంటే టూల్స్, ఆప్షన్స్, త్రీడీ వ్యూలోకి వెళ్లి గ్రాఫిక్స్ మోడ్‌లో ఓపెన్‌జీఎల్, డైరెక్ట్‌ఎక్స్‌లలో ఏది ఉంటే దాన్ని వదిలి ఇంకోదానికి మార్చండి.

వీధి చూపు (స్ట్రీట్ వ్యూ) విషయంలో హాలండ్‌దే పైచేయి, సందుసందుకూ వెళ్లవచ్చు. మన దేశంలో 2022 జులైలో హైదరాబాద్‌తో కలిపి 10 నగరాల్లో మొదలైంది. పల్లెల్లో మనిషి బొమ్మను పట్టి లాగినప్పుడు నీలి గీత వెలిగిన దారుల్లోనే దిగగలరు.

ఇంకొకటి. తేదీ మారితే చిత్రం కొన్ని మీటర్లు పక్కకు జరుగుతుంది. ఏటిగట్టు కోసుకుపోయిందో లేదో కొలిచేముందు, రెండు తేదీల్లోనూ గుడినో లాకునో గుర్తుగా పెట్టుకుని అది ఎంత జరిగిందో చూసి, ఆ మేరకు తీసేయండి. పొలం హద్దు తగాదాకు మాత్రం ఇది పనికిరాదు, సర్వేయర్‌ను పిలవాల్సిందే.