అంబ్రెల్లా మార్జిన్ వారానికి పాతిక పౌండ్లే, అసలు కోత ఇంకోచోట

బ్రిటన్ ప్రైవేటు రంగంలో 2021 ఏప్రిల్‌లో ఐఆర్35 నిబంధనలు (సొంత కంపెనీ పేరుతో ఉద్యోగిలా పనిచేసేవాళ్లకు ఉద్యోగి పన్నే వేసేవి) మారాక మన ఐటీ కాంట్రాక్టర్లలో చాలామందికి అంబ్రెల్లా కంపెనీ (ఏజెన్సీకీ మనకూ మధ్య ఉండి, మనల్ని ఉద్యోగిగా పెట్టుకుని జీతం ఇచ్చేది) తప్పనిసరైంది. కొత్తగా కాంట్రాక్టు వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎవరి మార్జిన్ తక్కువ?" అని. మార్జిన్ అంటే ప్రతివారం ఆ కంపెనీ తీసుకునే ఫీజు. ఏళ్ల తరబడి, ఒకటికి మించిన కంపెనీల పేస్లిప్పులు వారం వారం సరిచూశాక తేలింది ఏమిటంటే, మార్జిన్ బేరంలో మిగిలేది కొంచెమే. డబ్బు జారిపోయే చోట్లు వేరే ఉన్నాయి.

ముందు లెక్క చూడండి. రోజుకు 400 పౌండ్లు, వారానికి ఐదు రోజులు. ఏజెన్సీ అంబ్రెల్లాకు పంపేది 2,000. దీన్ని అసైన్‌మెంట్ రేటు అంటారు. ఇది జీతం కాదు, జీతంతోపాటు యజమాని కట్టాల్సిన పన్నులు కూడా ఇందులోంచే పోతాయి. 2025-26 రేట్లతో, 1257ఎల్ ట్యాక్స్ కోడుతో (మామూలు పన్ను మినహాయింపు ఉన్న కోడ్), పెన్షన్ లేదనుకుంటే: మార్జిన్ 25, ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ, సామాజిక బీమాలో యజమాని వంతు) 244, అప్రెంటిస్‌షిప్ లెవీ (శిక్షణ కోసం యజమాని కట్టే పన్ను) 9. మిగిలిన 1,722 మీ గ్రాస్, అంటే పన్నుకు ముందు జీతం. అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ 447, మీ వంతు ఎన్ఐ 73 పోగా బ్యాంకులో పడేది 1,202. అంటే అరవై శాతం.

పేస్లిప్‌తో పాటు వచ్చే రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్‌లో (ఏజెన్సీ పంపిన మొత్తం నుంచి గ్రాస్ ఎలా వచ్చిందో చూపే లెక్క) ఈ మొదటి మూడు కోతలు కనిపిస్తాయి. చాలామంది కింద ఉన్న పేస్లిప్ మాత్రమే చూసి పైన ఉన్న ఆ ఆరేడు వరసలు వదిలేస్తారు. చూడాల్సింది అవే.

మార్జిన్ పన్నుకు ముందే తీస్తారు. కాబట్టి 25 అడిగే కంపెనీని వదిలి 15కే చేసే కంపెనీకి మారితే మిగిలేది పది పౌండ్లు కాదు. ఆ పదిలో ఎంప్లాయర్ ఎన్ఐ, లెవీ పోయి, మిగిలినదాని మీద 40 శాతం పన్ను, 2 శాతం ఎన్ఐ పోయి, చేతికొచ్చేది సుమారు 5 పౌండ్లు. దీన్ని 2025 ఏప్రిల్ మార్పుతో పోల్చండి. ఎంప్లాయర్ ఎన్ఐ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది, అది మొదలయ్యే పరిమితి ఏడాదికి 9,100 నుంచి 5,000 పౌండ్లకు దిగింది. అదే 2,000 మీద గ్రాస్ వారానికి దాదాపు 27 పౌండ్లు తగ్గింది. పోయినదాన్ని రాబట్టుకోవాలంటే రేటు గురించి ఏజెన్సీతో మాట్లాడాలి. అంబ్రెల్లావాళ్ల చేతిలో ఏమీ లేదు.

ఇక్కడే ఇంకో మాట. ఏజెన్సీ "400 అంబ్రెల్లా, లేదా 350 పీఏవైఈ" అంటే తొందరపడి 400 తీసుకోకండి. పీఏవైఈ అంటే ఇక్కడ ఏజెన్సీ తానే పన్ను కోసి జీతం ఇవ్వడం. ఆ 350 సెలవు జీతంతో కలిపిన అంకె అయితే, మార్జిన్ సున్నా అయినా సరే 400 అంబ్రెల్లా గ్రాస్‌లో దానికంటే రోజుకు ఒక పౌండు తక్కువే పడుతుంది. సెలవు జీతం విడిగా ఇస్తామంటే 350 మరీ మెరుగు. 2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీ ముందుగానే కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ ఇవ్వాలి. అందులో నమూనా లెక్క ఉంటుంది. సంతకానికి ముందే అడిగి తీసుకోండి.

అన్నిటికంటే పెద్ద చిల్లు సెలవు జీతం. గ్రాస్ 1,722లో సెలవు వాటా, మూల జీతం మీద 12.07 శాతం లెక్కన, 185 పౌండ్ల పైమాటే. అడ్వాన్స్ పద్ధతిలో అయితే ప్రతివారం జీతంతోనే వస్తుంది. అక్రూడ్ పద్ధతిలో అయితే కంపెనీ పక్కన పెడుతుంది, సెలవు పెట్టి అడిగినప్పుడే ఇస్తుంది. పదమూడు వారాలకు 2,400 పౌండ్లు దాటుతుంది. కంపెనీ సెలవు సంవత్సరం ముగిసేలోగా వాడుకోకపోతే పోయినట్టే అని చాలా కాంట్రాక్టుల్లో ఒక వాక్యం ఉంటుంది. ఆ సంవత్సరం ఏ తేదీన ముగుస్తుందో చేరిన రోజే కనుక్కుని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవాలి. మార్జిన్ ఐదు పౌండ్లు తగ్గించి అక్రూడ్ పద్ధతిని డిఫాల్ట్‌గా పెట్టే కంపెనీ చవకేమీ కాదు. సెలవుల్లో డబ్బు ఆగిపోతుందన్న భయం ఉన్నవాళ్లకు అక్రూడ్ పనికొస్తుంది, కాదనను. అయితే జమ ఎంత ఉందో పోర్టల్లో కనిపించాలి. కనిపించకపోతే వద్దు.

రెండో చోటు పెన్షన్. ఆటో ఎన్‌రోల్‌మెంట్‌లో (ఉద్యోగిని యజమాని తానుగా పెన్షన్‌లో చేర్చే పద్ధతి) యజమాని కట్టే 3 శాతం కూడా అసైన్‌మెంట్ రేటులోంచే పోతుంది. పై ఉదాహరణలో వారానికి సుమారు 25. దాన్ని ఫీజు అనుకుని కంగారుపడేవాళ్లున్నారు. అది మీ పెన్షన్ ఖాతాలోనే పడుతుంది. 40 శాతం పన్నులో ఉన్నవాళ్లకు అంబ్రెల్లాలో దొరికే గొప్ప లాభం శాలరీ శాక్రిఫైస్, అంటే గ్రాస్‌లో కొంత వదులుకుని పెన్షన్‌లో వేయించుకోవడం. గ్రాస్‌లో 100 తగ్గించుకుంటే చేతికొచ్చేది 58 తగ్గుతుంది. ఎంప్లాయర్ ఎన్ఐ, లెవీ మిగులుతో కలిపి పెన్షన్‌లోకి 115 వెళ్లాలి. వెళ్లాలి అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఆ 15 పౌండ్లు తామే ఉంచుకుంటాయి. నెలకు 1,000 పెట్టేవాళ్లకు అది 150. మార్జిన్ కంటే ఎక్కువ! "ఎంప్లాయర్ ఎన్ఐ ఆదా మొత్తం నా పెన్షన్‌లోకే వేస్తారా?" అని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ట్యాక్స్ కోడ్ తప్పు పడితే అదో గోల. పీ45 (పాత యజమాని ఇచ్చే జీతం, పన్ను వివరాల పత్రం) ఇవ్వకుండా, స్టార్టర్ చెక్‌లిస్ట్ (చేరేటప్పుడు నింపే పన్ను ఫారం) నింపకుండా చేరితే పన్ను మినహాయింపు లేని 0టీ కోడ్ పడుతుంది. వారానికి దాదాపు 97 పౌండ్లు అదనంగా పోతాయి. కోడ్ సరయ్యాక తిరిగొస్తాయి గానీ ఈలోగా అద్దె కట్టాల్సింది మీరే. చెక్‌లిస్ట్‌లో పొరపాటున "సీ" (ఇంకో ఉద్యోగం ఉందనేది) ఎంచుకుంటే బీఆర్ కోడ్ పడి మొత్తం మీద 20 శాతమే కోస్తారు. అప్పుడు బాగానే ఉంటుంది, ఏడాది చివర బాకీ వస్తుంది.

చిల్లర ఫీజుల మాట: అదేరోజు చెల్లింపుకు, ఒకే వారంలో రెండో టైమ్‌షీట్‌కు, ఇంటి లోన్ కోసం ఇచ్చే లెటర్‌కు విడిగా వసూలు చేసేవాళ్లున్నారు. పని లేని వారానికి మార్జిన్ తీయకూడదు. కొందరు దాన్ని బాకీగా రాసుకుని తర్వాతి వారం రెండూ కలిపి తీస్తారు. స్టేట్‌మెంట్‌లో 50 కనిపిస్తే కారణం ఇదే.

ఇక "85 శాతం చేతికి" అనే వాట్సాప్ ప్రకటనలు. పై లెక్కలో చట్టబద్ధంగా వచ్చేది 60 అయినప్పుడు ఆ 25 శాతం అప్పు పేరుతోనో, అడ్వాన్స్ పేరుతోనో పన్ను కట్టకుండా ఇచ్చినదే. హెచ్ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) పట్టుకుంటే నోటీసు మీ ఇంటికే వస్తుంది. పరీక్ష తేలిక: హెచ్ఎంఆర్‌సీ యాప్ తెరిచి, కంపెనీ పంపిన జీతం, పన్ను అంకెలు పేస్లిప్పుతో సరిపోతున్నాయా చూడండి. బ్యాంకులో పడిన మొత్తం పేస్లిప్ నెట్ కంటే ఎక్కువున్నా, రెండు ముక్కలుగా వచ్చినా వెంటనే బయటికి రండి. 2026 ఏప్రిల్ 6 నుంచి అంబ్రెల్లా ఎగ్గొట్టిన పీఏవైఈ పన్నుకి ఏజెన్సీ కూడా బాధ్యత వహించాలి. కాబట్టి తమ జాబితాలో లేని కంపెనీని ఒప్పుకోవడానికి ఏజెన్సీలు వెనకాడతాయి. జాబితాలో నాలుగు పేర్లుంటే ఆ నాలుగింటికీ ఒకే రేటు ఇచ్చి నమూనా లెక్క పంపమనండి. చివరి అంకె ఎవరిదైనా మిగతావారి కంటే బాగా ఎక్కువ వచ్చిందంటే, దాదాపు ఎప్పుడూ సెలవు జీతాన్నో పెన్షన్‌నో వేరేగా చూపించి ఉంటారు.

స్కిల్డ్ వర్కర్ వీసాలో ఉన్నవాళ్లకు ఈ దారి లేదు, ప్రధాన ఉద్యోగం స్పాన్సర్ (వీసా ఇప్పించిన యజమాని) దగ్గరే చేయాలి. వాళ్ల డిపెండెంట్లకు, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చినవాళ్లకు ఇబ్బంది లేదు.

మానేసేటప్పుడు చివరి టైమ్‌షీట్ డబ్బు పడ్డాకే పీ45 అడగండి. ముందే అడిగితే ఆ చివరి చెల్లింపుకు 0టీ కోడ్ వేస్తారు. జమైన సెలవు జీతం కూడా అదే చెల్లింపులో రావాలి.