పీపీ ఆఫీసులో లా క్లర్క్ ఉద్యోగమంటే నమ్మి 38,500 కట్టాను, మీరు కట్టకండి

ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు, ఇంట్లో అలాంటి పిల్లలున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయాల్లో లా క్లర్క్ పోస్టులు, రాత పరీక్ష లేదు, నెలకు 27,500" అంటూ తిరుగుతున్న మెసేజ్‌ను నమ్మి నేను డబ్బు కట్టాను. (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే పీపీ, క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయర్.) ఆ ఉద్యోగం లేదు. డబ్బూ రాలేదు.

మెసేజ్ మా కాలేజీ బ్యాచ్ గ్రూపులోకి వచ్చింది. పంపింది మా సీనియరే, ఆయనకూ ఎవరో పంపారట. విజయవాడలో ఒక మేడ మీద కన్సల్టెన్సీ ఆఫీసు, గోడకు గాంధీ గారి ఫొటో, అంబేడ్కర్ గారి ఫొటో, బల్ల మీద లా పుస్తకాలు. నాన్న కూడా నాతో వచ్చి చూసి, "పద్ధతిగానే ఉన్నారమ్మా" అన్నారు. ముందు రిజిస్ట్రేషన్ అని 1,500 తీసుకున్నారు. తర్వాత ట్రైనింగ్‌కి 12,000. నెల తిరక్కుండానే సెలెక్ట్ అయ్యావని ఫోన్ చేసి, సెక్యూరిటీ డిపాజిట్ 25,000 కడితే ఆరు నెలలకు తిరిగి ఇస్తామన్నారు. ఆ 25,000 అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. మూడుసార్లూ ఫోన్‌పే చేసిన పేరు వేరు వేరు మనుషులది, ఒక్కసారి కూడా కన్సల్టెన్సీ పేరు రాలేదు. అది నాకు అప్పుడే తట్టి ఉంటే కనీసం ఆ 25,000 అయినా మిగిలేవి.

ట్రైనింగ్ అంటే జూమ్‌లో మూడు రోజుల క్లాసు, ఒక స్పైరల్ బైండింగ్ పుస్తకం. ఆ పుస్తకంలో ఛార్జిషీటు అంటే సెక్షన్ 173 అని ఉంది. అది క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం, సీఆర్‌పీసీ లెక్క. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. అందులో 173 అంటే ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటుకు 193. పాత కేసుల కోసం పాత సెక్షన్లూ తెలిసి ఉండాలి, నిజమే. కానీ ప్రాసిక్యూటర్ ఆఫీసుకు మనుషుల్ని తయారు చేస్తున్నామని చెప్పేవాళ్ల పుస్తకంలో కొత్త చట్టం ఊసే లేదు. నేను క్లాసులో అడిగాను. "అవన్నీ చేరాక నేర్పిస్తారు" అన్నారు, నేను ఊరుకున్నాను. నేనే లా చదివాను కదా, అక్కడే లేచి రావాల్సింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టదు.

పోస్టులో అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద గుండ్రటి స్టాంపు, "లా క్లర్క్ గ్రేడ్-2" అని హోదా. సోమవారం ఉదయం నాన్నా నేనూ జిల్లా కోర్టుకు వెళ్లాం. పీపీ గారి గది ముందు కోర్టు కానిస్టేబుళ్లు కేసు డైరీ ఫైళ్లు పట్టుకుని నిలబడ్డారు. లోపల గుమాస్తా గారు లెటర్ అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, ఈ కాగితం పట్టుకొచ్చినవాళ్లలో నువ్వు మూడోదానివి" అన్నారు. నాన్న పక్కనే ఉన్న బెంచీ మీద కూర్చుండిపోయారు.

పీపీ గారు మంచి మనిషి. బెయిల్ పిటిషన్లకు కౌంటర్లు చూసుకుంటూనే మమ్మల్ని కూర్చోబెట్టి అంతా చెప్పారు. ఆయన నియామకమే ప్రభుత్వం చేసేది. సెషన్స్ జడ్జి గారిని సంప్రదించి కలెక్టర్ గారు ఏడేళ్ల ప్రాక్టీసుకు తక్కువ లేని లాయర్ల పేర్లతో ప్యానెల్ పంపితే, అందులోంచి మూడేళ్లకు వేస్తారు. "నన్నే ఇంకొకరు వేస్తుంటే నేను నీకు ఉద్యోగం ఎలా ఇస్తానమ్మా?" అన్నారు. కింది కోర్టుల్లో వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు, అంటే ఏపీపీలైతే పరీక్ష రాసి రావాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పరీక్ష పెట్టేది పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు. లా డిగ్రీతో పాటు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. తెలంగాణలో 2021లో 151 పోస్టులకు అలాగే నోటిఫికేషన్ ఇచ్చారు. ఆఫీసులో టైపు చేసేవాళ్లు, ఫైళ్లు చూసేవాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు. ఔట్‌సోర్సింగ్ మీద వచ్చినా సరే, ఎవరి దగ్గరా డిపాజిట్ తీసుకోరు.

మరి లా క్లర్క్ అన్న మాట ఎక్కడిది? ఆ పని నిజంగానే ఉంది, కాకపోతే పీపీ ఆఫీసులో కాదు, హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిల దగ్గర. సుప్రీంకోర్టు 2024 నోటిఫికేషన్‌లో నెలకు 80,000 ఇస్తామన్నారు. దానికి పరీక్షలు, ఇంటర్వ్యూ ఉన్నాయి, దరఖాస్తు రుసుము 500 మాత్రమే. ఈ మోసగాళ్లు ఆ పేరు తెచ్చి ఇక్కడ అతికించారు. పేరు విన్నదే కాబట్టి మనకు అనుమానం రాదు. ప్రాసిక్యూషన్ పని నేర్చుకోవాలని నిజంగా ఆసక్తి ఉంటే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరండి. మొదట్లో చేతికొచ్చేది తక్కువే, ఒక్కోసారి ఏమీ ఉండదు. కానీ మన చేతి డబ్బు పోదు, ఆ మూడేళ్లు ఏపీపీ పరీక్షకు పనికొస్తాయి.

నేను కన్సల్టెన్సీకి వెళ్లి గట్టిగా అడిగితే 25,000కు చెక్కు ఇచ్చారు. బౌన్స్ అయింది. మీకూ చెక్కు ఇచ్చి ఉంటే చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చిన కాగితం, రిటర్న్ మెమో, పక్కన పడేయకండి. మెమో అందిన 30 రోజుల్లోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక వాళ్లకు 15 రోజులు గడువు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో కేసు వేయాలి. "వచ్చే వారం ఇచ్చేస్తాం మేడమ్" అని వాళ్లు రోజులు సాగదీసేది ఈ గడువు దాటించడానికే. నేను 26వ రోజున నోటీసు పంపాను. పోలీసు స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇచ్చాను, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద చీటింగ్ కేసు కట్టారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను కానీ నాది నలభై రోజులు ఆలస్యం. డబ్బు పంపిన గంటల్లోనే చేస్తే ఆ ఖాతాలో ఉన్నదాన్ని ఆపే వీలుంటుంది, కాబట్టి అనుమానం రాగానే చేయండి.

ఇంకొకటి, వెరిఫికేషన్ అని చెప్పి నా టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ తీసుకున్నారు. ఎస్సై గారు ఫోన్ చేసిన తర్వాతే తిరిగి ఇచ్చారు. ఆ పది రోజులూ డబ్బు కంటే వాటి గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. జిరాక్సులు చాలు.

ఇప్పటికే కట్టినవాళ్లు సిగ్గుపడి గ్రూపు నుంచి బయటికి వెళ్లిపోకండి, చాట్లు డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు, పేమెంట్ వివరాలు దాచి మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. వచ్చే నెల కొత్త బ్యాచ్ మొదలుపెడుతున్నారని ఒక చెల్లెలు నిన్ననే చెప్పింది, వాళ్ల నాన్నగారు డబ్బు సర్దుతున్నారట. మీలో ఎవరైనా అలా సర్దుతూ ఉంటే, కట్టేముందు ఒక్కరోజు మీ జిల్లా కోర్టుకు వెళ్లి పీపీ గారి ఆఫీసులో ఆ మెసేజ్ చూపించండి. కోర్టు పని మొదలైతే ఎవరూ దొరకరు, పదింటికల్లా వెళ్లండి.