తాత తుపాకీ, చిత్తూరు కొట్టు, పట్టీ పట్టని తూటా

మా తాత వదిలిపోయిన జంట గొట్టాల తుపాకీ, ట్వెల్వ్ బోర్, ఇంగ్లాండ్ సరుకు. లైసెన్సు నా పేరుకు మారింది కదా, తూటాలు కొందామని చిత్తూరులో ఒక కొట్టుకు పోయాను. కౌంటర్ దగ్గర కుర్రాడు తుపాకీ వైపు చూడనైనా చూడకుండా 70 మిల్లీమీటర్ల డబ్బా తీసి ముందర పెట్టాడు. "పడుతుందన్నా, ఏం కాదు." పడుతుంది, నిజమే, తంటా అక్కడే. డబ్బా మీద రాసే కొలత పేలాక మూతి విచ్చుకున్న తూటాది, కాబట్టి పేలనిది ఇలాంటి పాత తుపాకీల 65 మిల్లీమీటర్ల చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే అరలోకి, కూడా హాయిగా దూరిపోతుంది, పేల్చినప్పుడు మాత్రం మూతి పూర్తిగా విచ్చుకునే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది.

అదృష్టం, లోపల రిపేర్లు చేసే పెద్దాయన ఉన్నాడు. గొట్టాలు విప్పి వెలుతురుకు పెట్టాడు, ఇనుము మీద పాము చర్మంలా చారలు. డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికించి చేసిన గొట్టాలు! పాత నల్ల తుపాకీమందు కాలం నాటివి, ఇప్పటి పొగరాని మందుకు తట్టుకుంటాయని పరీక్షించి కొట్టే నైట్రో ముద్ర అడుగున లేదు. "దీనికి ఇప్పటి తూటా ఏదీ వద్దు నాయనా, పొట్టిదైనా సరే. ఉక్కు గుళ్లయితే అసలే వద్దు" అన్నాడు. చాంబర్ కొలిచినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

మేస్త్రికి ఐదు స్టార్లు, కౌంటర్‌కు ఒకటి. రెండు గంటలు నిలబెట్టారు, కూర్చోడానికి స్టూలు కూడా లేదు. మామిడి తోటలో పందుల బెడద అలాగే ఉంది, ఎలాగూ అనుమతి లేకుండా కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. తుపాకీ మళ్లీ బీరువాలోకి పోయింది.