షిష్మరెఫ్: ఉండటం మేలా, వెళ్ళడం మేలా?

అలాస్కా ఊళ్ళ కబుర్లు ఎప్పుడు రాసినా చివరికి నన్ను అడిగేది ఒకటే: "ఊరు సముద్రంలో కలిసిపోతోందని తెలిసి కూడా వాళ్ళు అక్కడే ఎందుకున్నారండీ?" ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. వారిలో ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, ఉన్నదంతా ఆరువందల మందే కదా, ఒక్క ఎండాకాలంలో ఎత్తేయొచ్చు అన్నారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి ఆయన్ని ఏమీ అనలేను.

షిష్మరెఫ్ అలాస్కా పశ్చిమ తీరానికి ఎదురుగా, సారిచెఫ్ అనే చిన్న ద్వీపం మీద ఉన్న ఇనుపియట్ ఆదివాసుల ఊరు. సముద్రం దాని ఒడ్డును కోసుకుపోతోంది. ఇక సోది లేకుండా ఊరి ముందున్న దారుల సంగతికి వస్తాను. ఉన్న చోటే గోడ కట్టుకుని ఉండటం మొదటిది. ఊరంతా కలిసి ఎదురుగా ఉన్న ప్రధాన భూభాగంలో మెరక చూసుకుని వెళ్ళడం రెండోది. దగ్గర్లోని పట్టణాలైన నోమ్‌లోనో కాట్జెబ్యూలోనో కలిసిపోవడం మూడోది. ఎవరి దారి వాళ్ళు చూసుకుని అలాస్కాలో పెద్ద నగరమైన ఆంకరేజ్ చేరడం నాలుగోది.

ముందు గోడ. సారిచెఫ్ ద్వీపం మొత్తం ఇసుకే. పొడవు మూడు మైళ్ళు, వెడల్పు పావు మైలు. ఆ ఇసుకను నిలబెట్టింది లోపల గడ్డకట్టి ఉన్న మంచు. అల వచ్చి గట్టు అడుగున తగిలితే మంచు కరిగి కింద గుల్లవుతుంది. పైన గడ్డి పచ్చగా, గట్టిగానే కనిపిస్తుంది. ఒక రాత్రి గట్టు చెక్కలా విరిగి, దాని మీద ఏముంటే దానితో సహా జారిపోతుంది. పూర్వం అక్టోబరు కల్లా ఒడ్డు వెంట సముద్రం గడ్డకట్టి అలలకు అడ్డం నిలిచేది. ఇప్పుడు ఆ గడ్డ ఆలస్యంగా కడుతోంది, తుపాన్లు మాత్రం తమ టైముకే వస్తున్నాయి. 1997 అక్టోబరు తుపానుకు ఉత్తరపు ఒడ్డు ఒక్క దెబ్బకు 30 అడుగులకు పైగా పోయింది, 14 ఇళ్ళను జరపాల్సి వచ్చింది. జరపడమంటే నిజంగా జరపడమే. ఇంటి కింద దూలాలు దోపి, ఇంటికి ఇల్లు ద్వీపంలోనే ఇంకో వైపుకు లాక్కెళ్ళడం.

1980ల నుంచి ఇసుక బస్తాలు, తీగ బుట్టల్లో రాళ్ళు, కాంక్రీటు దిమ్మెలు అన్నీ అయ్యాయి. 2000లలో వేసిన బండరాళ్ళ కట్ట మాత్రం బాగా నిలబడింది. కాకపోతే ఇసుక ద్వీపంలో రాయి దొరకదు, ప్రతి బండా బార్జి మీద రావాలి. పైగా కాకినాడ పక్కన ఉప్పాడ వాళ్ళనడిగితే చెప్తారు, గోడ ఉన్నంత మేరా అల ఆగుతుంది, గోడ అయిపోయిన చోట ఒడ్డు ఇంకా కసిగా కోసుకుపోతుంది.

డబ్బు లెక్క చూద్దాం. 2006లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఒక అంచనా వేసింది. షిష్మరెఫ్‌ను తరలించాలంటే 10 నుంచి 20 కోట్ల డాలర్లు, ముందు ముందు కోతను ఆపడానికి 1.6 కోట్లు. ఊరికి మిగిలిన ఆయుష్షు 10 నుంచి 15 ఏళ్ళు. ఆ గడువు 2021తో తీరిపోయింది, ఊరు ఇంకా అక్కడే ఉంది. దీన్ని పట్టుకుని "చూశారా, ఏమీ కాలేదు" అనేవాళ్ళున్నారు. ఆ కట్ట లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. గోడ కొన్నాళ్ళు గడువు కొనిపెట్టగలదు, అంతే. అంకెల్లో మాత్రం గోడదే గెలుపు, అందులో సందేహం లేదు. తరలింపు ఖర్చును తలకు పంచితే మనిషికి లక్షన్నర డాలర్లకు పైనే, ఎక్కువ అంచనా తీసుకుంటే మూడు లక్షలు దాటుతుంది.

నన్నడిగితే తేల్చాల్సింది డబ్బు కాదు, ఉగ్రుక్.

ఉగ్రుక్ అంటే గడ్డం సీల్. వసంతం చివర్లో సముద్రపు మంచు పగిలి పలకలుగా తేలుతున్నప్పుడు, ఆ పలకల మీద ఎండ కాచుకుంటూ పడుకుంటాయి. పడవలు బయల్దేరాల్సింది అప్పుడే. ఎన్ని రోజులన్నది గాలి చేతిలో ఉంటుంది. తెచ్చాక ఒడ్డున ఆడవాళ్ళ పని మొదలవుతుంది. ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో తోలు నుంచి కొవ్వు వేరు చేస్తారు. మాంసాన్ని పల్చటి పొరలుగా కోసి కర్ర దండేల మీద నల్లబడేదాకా ఎండబెడతారు. కొవ్వును ముక్కలు చేసి డబ్బాల్లో వేసి చల్లటి నీడలో ఉంచితే, పొయ్యి అక్కర్లేకుండా దానంతటదే నూనెగా దిగుతుంది. ఆ ఎండు మాంసం ఆ నూనెలోకే వెళ్ళి, చలికాలమంతా ఇంటిని గడుపుతుంది. మన ఇళ్ళల్లో ఆవకాయ పెట్టే రోజుల హడావిడి గుర్తుందా? దాన్ని ఏడాది తిండికి సరిపడా పెంచి ఊహించుకోండి. ఎంత మంచి ఇల్లు కట్టించి ఇచ్చినా, ఆ కొన్ని వారాలు సముద్రం అందకపోతే దాన్ని ఊరు అనలేం.

ఇప్పుడు రెండో దారి చూడండి. ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య సుమారు అయిదు మైళ్ళ ఉప్పునీటి కయ్య. చలికాలంలో స్నో మెషీన్ (మంచు మీద నడిచే బండి) మీద, ఎండాకాలంలో పడవ మీద దాటొచ్చు. మంచు పగిలే రోజుల్లో మాత్రం ఆ కయ్యలో పడవ నడవదు, స్నో మెషీన్‌ను నమ్మలేం. ఆ పగిలే రోజులే ఉగ్రుక్ రోజులు. మెరక మీద కూర్చున్న ఊరికి ఏడాదిలో అన్నిటికన్నా అవసరమైన వారాల్లోనే దారి మూసుకుపోతుంది. తీరం మీద మెరక దొరికితే సరే, కానీ మెరక దొరికినా కింద నేల కలిసి రావాలి. మొదట అనుకున్న టిన్ క్రీక్ అనే చోటును నేల అడుగు మంచు భయంతో పక్కన పెట్టారు. 2016 నాటికి వెస్ట్ టిన్ క్రీక్ హిల్స్, ఓల్డ్ పాండ్ అనే చోట్లు పరిశీలనకు వచ్చాయి.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి. ఈ ఊరి పాత పేరు కిగిక్‌టక్, ద్వీపం అని అర్థం. 1816లో రష్యా తరఫున వచ్చిన కాట్జెబ్యూ అనే నావికుడు ఆ కయ్యకు తన ఓడలోని అధికారి షిష్మర్యోవ్ పేరు పెట్టిపోయాడు, అది ఊరికి అంటుకుంది. అప్పటికే అక్కడి ఇనుపియట్లు తరాల తరబడి ఉన్నారు, కానీ ఒక్క చోట కాదు. కాలాన్ని బట్టి సీల్ కోసం తీరానికి, చేప కోసం నదులకు, జింక కోసం లోపలికి తిరిగేవాళ్ళు. నోమ్ బంగారం రోజుల్లో ఈ ఊరు గనులకు సరుకులు దింపే రేవైంది, 1901లో పోస్టాఫీసు వచ్చింది. బడి, చర్చి కూడా వచ్చాయి. పిల్లలు బడికెళ్ళాలంటే ఇల్లు కదలకూడదు. అలా ఇసుక దిబ్బ మీద స్థిరపడ్డారు. "వెళ్తారా, ఉంటారా" అన్న ప్రశ్న వాళ్ళ ముత్తాతలను అడిగితే అర్థమయ్యేది కాదు. రెండూ చేసేవాళ్ళు!

మూడో దారికి ఎక్కువ చెప్పక్కర్లేదు, దాని కథ పక్కనే ఉంది. కింగ్ ఐలాండ్ అనే దీవి వాళ్ళ బడిని 1959లో ప్రభుత్వం మూసేసింది. పిల్లల కోసం కుటుంబాలు నోమ్ చేరాయి, 1970 నాటికి ఆ దీవి మీద ఊరు ఖాళీ. కొండ వాలుకు కట్టిన చెక్క ఇళ్ళు ఖాళీగా మిగిలిపోయాయి. షిష్మరెఫ్ మందు అమ్మని ఊరు, నోమ్‌లో బార్లున్నాయి. ఇంట్లో ఎదిగే పిల్లలున్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఓట్ల సంగతి. 2002లో వెళ్దామన్నవాళ్ళు 161, వద్దన్నవాళ్ళు 20. 2016 ఆగస్టులో మళ్ళీ పెడితే 89, 78. తేడా 11. పద్నాలుగేళ్ళలో ప్రమాదం పెరిగింది, వెళ్దామనే ఉత్సాహం తగ్గింది. నాకు తోచిన కారణం ఇది: "వెళ్తాం" అన్న ఊరికి ఎవరూ కొత్తగా ఏదీ కట్టరు. ఎలాగూ పోయే ఊరికి పైపులెందుకు అంటారు. కొత్త ఊరికి డబ్బేదీ అంటే తరలింపు మొత్తాన్ని నెత్తిన వేసుకునే శాఖ కేంద్రంలో ఒక్కటీ లేదు. 2022 చివర్లో కేంద్రం తరలింపు కోసం మూడు తెగలకు రెండున్నర కోట్ల డాలర్ల చొప్పున ప్రకటించింది, అందులో షిష్మరెఫ్ లేదు. ఈలోగా చాలా ఇళ్ళల్లో కుళాయి లేదు. మరుగుదొడ్డి అంటే ప్లాస్టిక్ సంచి తొడిగిన బకెట్, దానికి వెటకారంగా హనీ బకెట్ అని పేరు. నిండాక దాన్ని మోసుకెళ్ళి పారబోయాల్సిందే. స్నానానికీ బట్టలకూ ఊళ్ళో వాషటేరియా. ఇరవై ఏళ్ళకు పైగా బ్యాగు సర్ది బస్టాండులో కూర్చున్నట్టు ఉంటే ఎవరికైనా విసుగొస్తుంది.

ఇంకో ఊరి అనుభవమూ చూడొచ్చు. అలాస్కాలోనే యూపిక్ అనే మరో ఆదివాసుల ఊరైన న్యూటాక్ 1990లలో వెళ్దామని అనుకుంటే, మొదటి కుటుంబాలు మెర్టార్విక్ అనే కొత్త చోటు చేరింది 2019లో. అది తొమ్మిది మైళ్ళ దూరం!

మరి ఏది మేలు? నా మొగ్గు రెండో దారికే, కానీ ఒక్కసారిగా కాదు. అలాస్కాలో ఇలాగే దీవి మీదున్న ఇంకో ఊరు కివలీనా వాళ్ళు చేస్తున్నట్టు. అక్కడ ముందు సుమారు 8 మైళ్ళ రోడ్డు వేశారు, దాని చివర మెరక మీద బడి కట్టారు. ఇళ్ళు ఇంకా దీవి మీదే ఉన్నాయి. తుపానొస్తే పరిగెత్తడానికి ఒక చోటుంది, ఆ చోట పిల్లలు రోజూ తిరుగుతున్నారు. షిష్మరెఫ్‌కు కయ్య అడ్డం కాబట్టి ఇది అచ్చంగా కుదరదు, ఖర్చూ ఎక్కువే. అయినా బడి, ఆసుపత్రి, కొన్ని ఇళ్ళు అవతల మొదలుపెట్టి, ఇవతల కట్టను నిలబెట్టుకుంటూ, ద్వీపాన్ని ఉగ్రుక్ విడిదిగా ఉంచుకోవడం నాకు బాగుందనిపిస్తుంది. చలికాలం అక్కడ, వసంతం ఇక్కడ. బడి రాకముందు వాళ్ళు బతికిన తీరుకు ఇదే దగ్గర. అయితే అలా చేయాలంటే "వెళ్తున్నారు కాబట్టి ఇవ్వం" అనే మాట మానేసి, రెండు చోట్లా డబ్బు పెట్టాలి. కట్టకు ఇప్పుడు, పైపులకు ఇప్పుడు. పెట్టకపోతే మాత్రం, 78 మంది చెప్పిందే సరైనదనిపిస్తుంది నాకు కూడా.

నాలుగోది, ఆంకరేజ్. దానికి ఓటు అక్కర్లేదు. ఉద్యోగం కోసమో, వైద్యం కోసమో, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇంటి కోసమో వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉంటారు. వాళ్ళకు ఊరి నుంచి సీల్ నూనె డబ్బా విమానంలో వస్తుంది.