అట్ల పెనం, నాలుగేళ్ల తర్వాత

ఈ కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) పెనం మీద నా ఇష్టమంతా పెసరట్టు దగ్గరే ఉంది. పలచటి రేకు పెనం మీద పిండి పడగానే వేడి దిగిపోయి, అట్టు కాలే బదులు ఉడుకుతుంది. దీని మీద ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి పోసినా పదో అట్టు అంచు కూడా కరకరలాడుతూ లేస్తుంది.

కొన్న కొత్తలో, వేడి పెనమంతా సమంగా పరుచుకుంటుందని అందరికీ చెప్పాను. అది సరికాదు. పోత ఇనుము వేడిని నిలుపుకుంటుంది తప్ప తొందరగా పంచదు. ఆ పనికి అల్యూమినియమే మేలు. 12 అంగుళాల పెనాన్ని చిన్న బర్నర్ మీద పెడితే నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉండిపోతుంది. పెద్ద బర్నర్ మీద, సన్న మంటతో ఎనిమిది పది నిమిషాలు కాగనిచ్చి, మధ్యలో ఒకటి రెండుసార్లు అటూ ఇటూ జరపాలి.

రెండో ఏడు, నూనె పూసి కాల్చగా పైన ఏర్పడిన నల్ల పొర పొలుసులుగా లేచింది. అట్టు తీస్తే దాంతోపాటే నల్ల రేకులు వచ్చేవి. లోపం పెనానిది కాదు, పూసిన అవిసె నూనెది. ఆ నూనె గట్టిపడి అద్దంలా మెరుస్తుంది కానీ, ఆ పొర పెళుసు. పైగా మందంగా పూశాను. అది చాలదన్నట్టు దాని మీదే పుల్కాలు కాల్చాను. నూనె చుక్క లేకుండా పెద్ద మంట మీద ఎక్కువసేపు ఉంటే ఉన్న పొర కూడా కాలిపోతుంది. అట్ల పెనం వేరు, రొట్టెల పెనం వేరు అని పెద్దవాళ్లు ఊరికే పెట్టుకోలేదు.

బాగుచేయాలంటే లేచిన పొరను రాళ్ల ఉప్పుతో, స్టీలు పీచుతో గీకేయాలి. తుప్పు ఉంటే వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, పెనాన్ని అందులో అరగంట ఉంచాలి. అంతకు మించితే పులుపు ఇనుమునే తింటుంది. కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, గోరువెచ్చగా ఉండగా అర చెంచా వేరుశనగ నూనె వెనక వైపు కూడా రుద్దాలి. తర్వాత అసలు నూనే పూయలేదన్నట్టు పొడి గుడ్డతో తుడిచేయాలి. ఈ తుడవడంలోనే అంతా ఉంది: మిగిలిన నూనె జిగురై, మొదటి దోసెనే పట్టేసుకుంటుంది. కిటికీలు తెరిచి, అంచులకూ మంట తగిలేలా తిప్పుతూ, పొగ వచ్చి తగ్గేదాకా కాల్చి చల్లార్చాలి. ఇలా ఐదుసార్లు. ఆ తర్వాత వారం పాటు దోసెల జోలికి పోకుండా ఉల్లిపాయలు వేయించడం, నూనె ఎక్కువేసి ఊతప్పాలు పోయడం మంచిది. అలా చేశాక మళ్లీ పొలుసు లేవలేదు.

టమాటా, చింతపండు పులుసు దీని మీద మరిగించొద్దు. అట్టు అట్టుకీ మధ్య నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే ఏమీ కాదు. కాగిన పెనాన్ని కుళాయి కింద పెడితే మాత్రం పగలొచ్చు.

కొనేటప్పుడు వేలితో మీటి చూడండి: గంటలా మోగాలి. మొద్దుగా పలికితే బీట ఉండొచ్చు. పైభాగం ఇసుక కాగితంలా గరుకుగా ఉంటే పలచటి దోసె లేవడానికి నెలలు పడుతుంది.

గ్యాస్ పొయ్యి, రోజూ పొద్దున అట్లు వేసే ఇల్లు కాబట్టి నాకు ఇది సరిపోయింది. వారానికోసారి వాడేవాళ్లకు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పలేను. మళ్లీ కొనాల్సి వస్తే నేనూ 10 అంగుళాలదే తీసుకుంటాను.